విశాఖ సముద్రంలో ఈతకు దిగేవారు ఒడ్డునే తెలుసుకోవలసినవి

మాల్టాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఫిబ్రవరిలో సెలవుకు వచ్చి, మర్నాడు తెల్లవారకముందే నన్ను రుషికొండకు బయలుదేరదీశాడు. ఐదేళ్లుగా ఆ ద్వీపపు రాతి ఒడ్డుల మీద నుంచి మధ్యధరా సముద్రంలోకి దూకి ఈదుతున్నవాడు కనుక వాడికి ఒంట్లో సత్తువా ఉంది, ఊపిరి మీద అదుపూ ఉంది. ఇసుకలో చెప్పులు విడిచి, ఒకసారి అటూ ఇటూ చూసి, "మావయ్యా, అదిగో, అక్కడ దిగుదాం, అక్కడ కెరటాలే లేవు" అని చెయ్యి చూపించాడు. వాడు చూపించిన చోట రెండు పక్కలా తెల్లటి నురగతో కెరటాలు విరుగుతుండగా, మధ్యలో ఇరవై అడుగుల మేర నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో, ఎవరో మనకోసం దారి తెరిచి ఉంచినట్టుగా ఉంది. నేనేమీ మాట్లాడకుండా, బోండాల బండి పక్కన పడి ఉన్న ఖాళీ బోండం ఒకటి తెచ్చి ఆ నున్నటి నీటిలోకి విసిరాను. రెండు పక్కలా నురగ ఒడ్డు వైపు ఉరుకుతుంటే, ఆ బోండం మాత్రం తాడు కట్టి లాగుతున్నట్టు సముద్రం వైపు సాగిపోయింది. మేము నూరు లెక్కపెట్టేలోగా కెరటాల అవతల చుక్కలా మారింది.

విశాఖ తీరంలో ఈదాలనుకునేవారికి నేను చెప్పగలిగినదంతా ఆ బోండంలోనే ఉంది. ఇక్కడ ఈత రావడం కంటే నీటిని చదవడం ముందు రావాలి. గజ ఈతగాళ్లు ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చుకున్న సందర్భాలున్నాయి, ఈత అంతంతమాత్రంగా వచ్చినా చోటూ వేళా చూసి దిగేవారు ఏళ్ల తరబడి హాయిగా ఈదుతున్న ఉదాహరణలూ ఉన్నాయి.

ఆ సముద్రం వేరు, ఈ సముద్రం వేరు

మధ్యధరా దాదాపు నాలుగు పక్కలా నేల చుట్టిన సముద్రం. అక్కడ ఆటుపోట్ల తేడా చాలాచోట్ల జానెడు, మహా అయితే మూరెడు. కెరటాలు కూడా ఎక్కువగా ఆ సముద్రం మీద వీచే గాలికి పుట్టినవే కనుక గాలి ఆగితే కొన్ని గంటల్లోనే నీరు సర్దుకుంటుంది. బంగాళాఖాతానికి దక్షిణాన అడ్డమే లేదు. హిందూ మహాసముద్రపు దక్షిణపు కొసన, వేల కిలోమీటర్ల దూరంలో తుపాను రేగితే అక్కడ పుట్టిన ఉబ్బు కెరటాలు కొన్ని రోజులు ప్రయాణం చేసి మన ఒడ్డుకు చేరతాయి. ఆకు కదలని ఉదయం, ఆకాశంలో మబ్బు తునక లేని ఉదయం కూడా ఆర్‌కే బీచ్‌లో నిలువెత్తు కెరటం లేవడానికి ఇదొక కారణం. అందువల్ల వాతావరణం బాగుంది కదా అని సముద్రం బాగుంటుందనుకోవడం ఇక్కడ చెల్లదు.

ఉప్పు విషయం చాలామందికి తట్టదు. మధ్యధరా నీటిలో కిలోకు సుమారు 38 గ్రాముల ఉప్పు ఉంటుంది. గంగా, మహానది, గోదావరి వంటి పెద్ద నదులు వచ్చి కలిసే బంగాళాఖాతపు పైనీటిలో అంతకంటే తక్కువ ఉంటుంది. వర్షాకాలపు వరద నీరు తీరం వెంబడి దిగివచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో మరీ తగ్గుతుంది. ఉప్పు తగ్గితే శరీరం తేలే తీరు కూడా మారుతుంది. అక్కడ ఏ ప్రయత్నమూ లేకుండా వెల్లకిలా తేలే మా మేనల్లుడు ఇక్కడ కాళ్లు కిందికి దిగిపోతున్నాయని ఆశ్చర్యపోయాడు. పైగా అక్కడి నీటిలో అడుగున ఉన్న రాయి కూడా కనిపిస్తుంది. ఇక్కడ నడుములోతు నీటిలో మన పాదమే మనకు కనిపించదు. నున్నటి పాయ లోపలికి లాగడం మాత్రం ఆ సముద్రానికీ కొత్త కాదు. ఇసుక తీరం ఉండి కెరటాలు విరిగే చోటల్లా అది ఏర్పడగలదు.

నెల, తిథి, వేళ

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు ఉదయం పూట సముద్రం సాధారణంగా నెమ్మదిగా ఉంటుంది, కొత్తవారు ఆ రోజుల్లోనే మొదలుపెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు కెరటాలు పెరుగుతాయి. ఆ నాలుగు నెలలూ నేను కొలనుకే పరిమితమవుతాను. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటిన సంగతి ఈ ఊరివాళ్లకు గుర్తు చేయనక్కరలేదు. తుపాను ఒడిశా వైపో బెంగాల్ వైపో పోతోందని ఊరట చెందడం పొరపాటు, ఎందుకంటే తుపాను రాకపోయినా దాని కెరటాలు వస్తాయి. ఓడరేవులో ప్రమాద హెచ్చరిక ఎగరవేశారని పత్రికలో చదివితే అది ఒకటో నంబరైనా సరే, ఆ రోజు ఈత మానుకోవాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంతాల వారీగా కెరటాల ఎత్తు అంచనాలనూ, ఉప్పెన కెరటాల హెచ్చరికలనూ ఇస్తుంది. ఇంట్లో కాఫీ తాగుతూ ఫోనులో ఒకసారి చూసుకుని బయలుదేరితే సగం జాగ్రత్త తీసుకున్నట్టే.

ఇక తిథి సంగతి. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు బాగా పెరిగి, పాటు బాగా తగ్గుతుంది. విశాఖలో ఆ రోజుల్లో రెండింటికీ మధ్య తేడా సుమారు మీటరున్నర ఉంటుంది. కార్తిక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, మహోదయ అమావాస్య అంటూ మనం వేలాదిగా సముద్ర స్నానానికి దిగేది సరిగ్గా ఈ రోజుల్లోనే. స్నానం మానమని నేను అనను, మా ఇంట్లో మానరు కూడా. అయితే ఆ రోజు మోకాలి లోతు దాటకుండా, చెంబుతో నీళ్లు పోసుకుని వచ్చేయడం స్నానానికి సరిపోతుంది. ఈతకు మాత్రం అష్టమి, నవమి రోజులు మేలు. పోటు పాట్లు రోజుకు రెండేసిసార్లు వస్తాయి, మర్నాటికి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కనుక నిన్న ఆరింటికి నెమ్మదిగా ఉన్న నీరు ఇవాళ ఆరింటికి అలాగే ఉంటుందని లెక్క వేసుకోకూడదు. నీరు వేగంగా వెనక్కు తీస్తున్న వేళ ఇసుక మేటల మధ్య గాడుల గుండా నీరు మరింత బలంగా లోపలికి లాగుతుంది. నడుస్తున్నప్పుడు అరికాళ్ల కింద ఇసుక జారిపోతుంటే అక్కడే ఆగిపోవాలి.

ఉదయపు ఈతలో మరొక చిక్కు ఉంది. మనది తూర్పు తీరం. సూర్యుడు సరిగ్గా నీటి మీదే పైకి వస్తాడు, ఆ మెరుపులో ఒడ్డున ఉన్నవారికి ఈదేవారి తల కనిపించదు. నీలం, తెలుపు, నలుపు టోపీలు నీటిలో కలిసిపోతాయి, నారింజ రంగు టోపీ మాత్రం దూరం నుంచి కూడా తెలుస్తుంది. ఇంత చిన్న వస్తువు కోసం ఖర్చు ఎందుకనుకునేవారు, టోపీ లేని స్నేహితుణ్ణి ఒడ్డున నిలబడి ఒకసారి వెతికి చూడాలి.

ఏ ఒడ్డు

కొత్తవారికి నా సలహా రుషికొండ. శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఈ తీరంలో ఈతకు హద్దులు కట్టిన భాగమూ, లైఫ్‌గార్డులూ ఉండటం పెద్ద వెసులుబాటు. అయినా ఆ హద్దు లోపలే ఈదాలి. పక్కనే సర్ఫింగ్ పలకలు, మోటారు పడవలు తిరుగుతుంటాయి. పైసగం ఎరుపు, కిందిసగం పసుపు ఉన్న జెండాలు రెండు పాతితే ఆ రెండింటి మధ్య కాపలా ఉందని అర్థం. ఒంటి ఎర్ర జెండా ప్రమాదానికి, రెండు ఎర్ర జెండాలు కలిపి ఎగిరితే నీటిలోకి ప్రవేశమే లేదనడానికి గుర్తు. నలుపు తెలుపు గళ్ల జెండా ఉన్న చోటు పలకలకూ పడవలకూ కేటాయించినది.

ఆర్‌కే బీచ్‌లో జనం ఎక్కువ కనుక భద్రత ఎక్కువని భ్రమ కలుగుతుంది. అక్కడ ఒడ్డు నిటారుగా దిగుతుంది, కెరటం సరిగ్గా ఒడ్డు అంచున విరిగి మనిషిని ఇసుక మీద కొడుతుంది. ఈతకు పోనివారు, ప్యాంటు మోకాళ్ల వరకు మడిచి ఫొటో కోసం కెరటానికి వీపు పెట్టి నిలబడినవారు కూడా అక్కడ కొట్టుకుపోతుంటారు. సముద్రానికి వీపు చూపించకూడదని జాలరిపేటలో పిల్లలకు మాటలతో పాటే నేర్పుతారు. యారాడ చూడటానికి ఎంత అందమో దిగడానికి అంత కఠినం. నాలుగడుగులు వేయగానే లోతు వస్తుంది, ఊరికి దూరం కనుక సాయమూ ఆలస్యమవుతుంది. తెన్నేటి పార్కు, మంగమారిపేట వంటి రాళ్ల తీరాల్లో పాటు వేళ బయటపడే బండలు పాచి పట్టి జారతాయి, వాటిని అంటుకున్న గవ్వల అంచులు బ్లేడులా కోస్తాయి. భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే మొగకు దూరంగా ఉండాలి, ముఖ్యంగా వానల తరవాత. ఈ నాలుగైదు చోట్లా కూర్చుని చూడటానికి నాకు అభ్యంతరం లేదు.

పావుగంట కూర్చోవడం

చోటు కుదిరాక వెంటనే దిగకూడదు. కాస్త మెట్టగా ఉన్న ఇసుక మీద పావుగంట కూర్చుని నీటినే చూడాలి. కెరటాలు ఒకే తీరుగా రావు. చిన్నవి వరసగా వచ్చి, తరవాత నాలుగైదు పెద్దవి గుంపుగా వస్తాయి. రెండు నిమిషాలు చూసి దిగినవారు చిన్న కెరటాలనే చూసి ఉంటారు, మధ్యలోకి వెళ్లాక పెద్దవి ఎదురవుతాయి.

ఇప్పుడు ఆ నున్నటి పాయ దగ్గరికి వద్దాం. కెరటాలు ఇసుక మేటల మీద విరిగి నీటిని ఒడ్డు వైపు తోస్తాయి. అలా చేరిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవాలి కదా, అది మేటల మధ్య ఉన్న పల్లాన్ని వెతుక్కుని ఒకే పాయగా కూడి వేగంగా వెనక్కు పరుగెత్తుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటున్నారు. పాయ ఉన్న చోట లోతు ఎక్కువ కనుక కెరటం అక్కడ విరగదు, విరగదు కనుక నురగ ఉండదు, నురగ లేదు కనుక మనకు అదే మంచి చోటులా కనిపిస్తుంది. ముదురు రంగు, లేదా ఇసుక కలిసిన బురద రంగు నీరు ఒక చారలా లోపలికి పోవడం, నురగ తునకలో ఆకులో ఒడ్డుకు రాకుండా దూరమవడం, నీటి పైభాగం చిన్నచిన్న ముడతలుగా కదలడం దీని గుర్తులు. కొన్ని పాయలు సెకనుకు రెండు మీటర్ల వేగాన్ని కూడా అందుకుంటాయి. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈత గెలిచేవారి వేగం కూడా సుమారుగా అంతే, అదీ 47 సెకన్ల సేపు మాత్రమే. ఈ పాయలు స్థిరంగా ఉండవు, ఇసుక మేటలు జరిగినప్పుడల్లా అవీ జరుగుతాయి. నిన్నటి మంచి చోటు ఇవాళ మంచిది కాకపోవచ్చు. అనుమానం ఉంటే ఎండుపుల్ల విసిరి చూడాలి. ఆ దగ్గర్లో వల బాగుచేసుకుంటున్న పెద్దవారు ఉంటే మర్యాదగా వెళ్లి, "నీరు ఎలా ఉంది బాబాయ్, దిగొచ్చా?" అని అడగాలి, ఆయన తల అడ్డంగా ఊపితే కారణం అడక్కుండా తిరిగి రావాలి.

దిగేటప్పుడు, ఈదేటప్పుడు

కొలనులో ఆగకుండా 200 మీటర్లు ఈది, వెంటనే పది నిమిషాలు వెల్లకిలా తేలగలిగినవారే సముద్రంలో మెడలోతుకు పోవాలని నేను నియమం పెట్టుకున్నాను. తేలడం రానివారికి ఈత వచ్చినట్టు కాదు. ఒంటరిగా దిగకూడదు, ఇద్దరు నీటిలో ఉంటే, ఫోను పట్టుకుని కూడా దానిలో తల దూర్చని మూడో మనిషి ఒడ్డున ఉండాలి. జీన్సు, చుడీదారు, చీర తడిస్తే కాళ్లకు చుట్టుకుని మనిషిని ఆడనివ్వవు. ఒంటికి అంటుకుని ఉండే ఈత దుస్తులు వేసుకోవడానికి మొహమాటపడితే, పూర్తి చేతులూ కాళ్లూ కప్పేవి కూడా దొరుకుతున్నాయి. లారీ ట్యూబులు, గాలి బొమ్మలు వద్దు, పడమటి గాలి వీస్తే అవి పడవ తెరచాపలా మనిషిని లోపలికి తీసుకుపోతాయి. మద్యం తాగినవారిని నీటి దరిదాపులకు కూడా రానివ్వకూడదు, ఈ విషయంలో స్నేహం అడ్డు రాకూడదు. ఉరుము వినిపిస్తే బయటికి వచ్చేయాలి.

నీటిలోకి నడుస్తున్నప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడుస్తూ పోతే, ఇసుకలో దాగి ఉండే ముల్లుతోక టేకు చేపలు అలికిడికి తప్పుకుంటాయి. కెరటానికి ఎదురుగా ఛాతీ ఒడ్డడం కంటే కాస్త పక్కకు తిరిగి నిలబడటం మేలు. నడుమును మించిన కెరటం వస్తుంటే అది విరగకముందే ఊపిరి తీసుకుని దాని కిందికి మునగాలి, అది తల మీదుగా దాటిపోతుంది. నీటి లోతు తెలియని చోట తలకిందులుగా దూకడం మెడ విరగ్గొట్టుకోవడానికి దగ్గరి దారి.

లోపలికి కాకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదాలి. దిగేముందు ఒడ్డు మీద రెండు గుర్తులు ఎంచుకుని, ప్రతి ఇరవై బారలకూ ఒకసారి తల ఎత్తి చూసుకోవాలి. తీరం వెంబడి పారే నీరు వేసవిలో సాధారణంగా ఉత్తరానికి, చలికాలంలో దక్షిణానికి మనకు తెలియకుండానే జరిపేస్తుంది. కాళీమాత గుడి ఎదుట దిగినవారు పావుగంట తరవాత తల ఎత్తి చూసి, కురుసుర జలాంతర్గామి దగ్గరపడిందని కంగారుపడటం నేను ఎరుగుదును. బయటికి వచ్చేటప్పుడు సగం అలసట మిగలాలి. ఒడ్డు అంచున విరిగే కెరటం అలసిన కాళ్లను సులువుగా మడతపెడుతుంది, కనుక పెద్ద గుంపు దాటాక వచ్చే చిన్న కెరటంతో పాటు, వెనక్కు చూస్తూ చూస్తూ బయటికి రావాలి.

పాయలో పడితే

ఒడ్డు దూరమవుతోందని గ్రహించిన క్షణంలో మనిషి చేసే మొదటి పని ఒడ్డు వైపు బలమంతా పెట్టి ఈదడం. ప్రాణం తీసేది ఆ పోరాటమే. పాయ మనిషిని కిందికి ముంచదు, లోపలికి తీసుకుపోతుంది, అంతే. మునిగేది అలసట వల్ల. వెంటనే వెల్లకిలా తిరిగి, చెవులు నీటిలో ఉండేటట్టు తల వెనక్కు వాల్చి, పదిసార్లు నిదానంగా ఊపిరి తీసుకోవాలి. ఒక చెయ్యి ఎత్తి ఊపుతూ పిలవాలి. ఊపిరి కుదుటపడ్డాక ఒడ్డుకు సమాంతరంగా, నురగ కనిపించే వైపు నెమ్మదిగా ఈదాలి. నురగ ఉన్న చోట మేట ఉంటుంది, అక్కడి కెరటాలు ఒడ్డుకే తోస్తాయి. ఒకవైపు సాగకపోతే రెండో వైపు ప్రయత్నించాలి, రెండూ సాగకపోతే ఈత మానేసి తేలాలి. కెరటాలు విరిగే వరస దాటగానే పాయ బలం సాధారణంగా తగ్గిపోతుంది. నేను విసిరిన బోండం కూడా అలాగే కాసేపు అవతల తేలాడి, పక్కకు జరిగి, పావుగంట తరవాత దాదాపు నూరు గజాల అవతల ఒడ్డుకు కొట్టుకొచ్చింది; మా మేనల్లుడు వెళ్లి దాన్ని ఏరుకొచ్చి చెత్తబుట్టలో వేశాడు. అది చేసిందల్లా తేలడమే.

పిక్క పట్టేసినా ఇదే వరస: వెల్లకిలా తేలి, కాలి వేళ్లను ముఖం వైపు లాగి పట్టుకోవాలి.

వేరొకరు కొట్టుకుపోతుంటే చూసేవారికి మరింత నిగ్రహం కావాలి. ఒకరి కోసం ఒకరు దూకి, ముగ్గురూ నలుగురూ పోయిన వార్తలు మన పత్రికల్లో కొత్త కావు. ముందు లైఫ్‌గార్డును కేకవేయాలి, 112కు గాని తీరరక్షక దళం నంబరు 1554కు గాని ఫోను చేయాలి. తేలే వస్తువు ఏది దొరికినా, ఖాళీ నీళ్ల డబ్బా అయినా, ఐస్ పెట్టె మూత అయినా, తాడు కట్టిన టైరు ట్యూబు అయినా విసరాలి. "ఈదకు, తేలు" అని అరుస్తూ ఉండాలి. ఒకరు అదే పనిగా ఆ మనిషి తల వైపే చూస్తూ వేలు చూపుతూ నిలబడాలి, చూపు మళ్లితే నీటిలో తలను మళ్లీ వెతికి పట్టుకోవడం కష్టం. శిక్షణ, తేలే సాధనం రెండూ ఉన్నవారు తప్ప మరెవరూ నీటిలోకి దిగకూడదు.

ఒడ్డుకు తెచ్చాక

మునిగిన మనిషిని బోర్లా వేసి పొట్ట నొక్కడం, కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, భుజం మీద వేసుకుని గిరగిరా తిప్పడం మన తీరంలో ఇంకా జరుగుతూనే ఉంది. వీటివల్ల కడుపులోని నీరూ తిండీ గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. నీరు కక్కించడం కాదు, ఊపిరి అందించడం ముఖ్యం.

మనిషి పిలుపుకు పలకక, ఊపిరి కూడా మామూలుగా తీయకపోతే, గట్టి ఇసుక మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కు వాల్చి గడ్డం ఎత్తాలి. ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి, ఛాతీ పైకి లేచేటట్టు ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తరవాత రొమ్ము ఎముక నడుమ రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, పెద్దవారికైతే ఐదారు సెంటీమీటర్లు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊపిరి ఊదాలి. మనిషి ఊపిరి తీసుకునే దాకా, లేదా 108 వారు వచ్చి అందుకునే దాకా ఇలాగే కొనసాగించాలి. చేతులు నొప్పెడితే పక్కవారు అందుకోవాలి. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

జెల్లీఫిష్ తగిలితే మంచినీళ్లు పోయకూడదు, ఇసుకతో రుద్దకూడదు. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న దారాలను పట్టకారుతో తీసి, చర్మం కాలనంత వేడినీటిలో అరగంట ఉంచితే మంట తగ్గుతుంది. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికి పోవాలి. టేకు ముల్లు గుచ్చుకున్నా అదే వేడినీరు మందు, కాని లోతుగా దిగిన ముల్లును మనం లాగకూడదు.

చివరగా చెప్పవలసింది, మునిగి తేలి తనంతట తానే లేచి కూర్చున్నవారి గురించి. అలాంటివారు సిగ్గుతో "నాకేం కాలేదు, ఇంటికి పోదాం" అంటారు. ఒక నిమిషం స్పృహ తప్పినా, ఆ తరవాత దగ్గు ఆగకపోయినా, ఊపిరి బరువెక్కినా వారిని ఇంటికి తీసుకుపోకూడదు. ఊపిరితిత్తుల్లో చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తరవాత బయటపడవచ్చు కనుక, తడిబట్టలు మార్పించి, దుప్పటి కప్పి, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయి, ఎంతసేపు మునిగారో, ఎంతసేపు స్పృహ లేదో డాక్టరుకు సరిగ్గా చెప్పి, ఆయన పొమ్మనేదాకా అక్కడే ఉండాలి.